ఆ మైదానంలో మనకి చోటుందా?

"మా వాడు రేడియో కంట్రోల్ విమానం కావాలని ప్రాణం తీస్తున్నాడండీ. ఊరి చివర ఒక క్లబ్బు ఉందిట. గేటు మీద 'సభ్యులకు మాత్రమే' అని బోర్డు పెట్టారు. వెళ్తే రానిస్తారా?" అని ఈ మధ్య ఒకావిడ అడిగారు. కూచిపూడి క్లాసుకో, స్పెల్లింగ్ బీకో అయితే మనకంటే ముందు వెళ్ళినవాళ్ళు పదిమంది దొరుకుతారు. దీనికి మాత్రం అడుగుదామంటే మనవాళ్ళెవరూ కనబడరు.

మా అమ్మాయి వెంట నాలుగేళ్ళుగా ఇలాంటి మైదానాలకి తిరుగుతున్నాను కాబట్టి చెప్తున్నాను. రానిస్తారు. కాకపోతే మొదటి పది నిమిషాలూ రానివ్వనట్టే ఉంటుంది.

గేటు దగ్గర కనిపించే పెద్దాయన మీ పేరు కన్నా ముందు "ఏఎమ్ఏ కార్డు ఉందా?" అని అడుగుతాడు. వినగానే ఇమిగ్రేషన్ కౌంటర్ గుర్తొస్తుంది. ఏఎమ్ఏ అంటే అకాడమీ ఆఫ్ మోడల్ ఏరోనాటిక్స్. 1936లో పుట్టిన సంస్థ, ఇప్పుడు ఇండియానాలోని మన్సీలో ఉంది. ఆ సభ్యత్వంతో పాటు బీమా వస్తుంది. తిరుగుతున్న ప్రొపెల్లర్ వేలు కోసేయగలదు. అదుపు తప్పిన విమానం ఎవరి కారు అద్దమో పగలగొట్టగలదు. పైగా మైదానం చాలాచోట్ల క్లబ్బు సొంతం కాదు, ఏ రైతు దగ్గరో కౌంటీ దగ్గరో తీసుకున్నది. ఒక్క ప్రమాదం జరిగితే ఆ స్థలం పోవచ్చు. వాళ్ళ భయం అది, మన మీద కోపం కాదు. "ఊరికే చూద్దామని వచ్చామండీ" అనండి, ముఖం ఎలా మారిపోతుందో చూద్దురుగాని.

ఆ తర్వాత అసలు ఆపడం కష్టం. రెక్క ఎందుకు అలా వంగి ఉంటుంది, బ్యాటరీ ఎందుకు ఉబ్బుతుంది, గాలికి ఎదురుగా ఎందుకు లేవాలి, అన్నీ చెప్తారు. కొత్తవాళ్ళకి నేర్పడానికి వాళ్ళ దగ్గర చక్కటి పద్ధతి ఉంది, బడ్డీ బాక్స్ అంటారు. గురువుగారి చేతిలో ఒక ట్రాన్స్‌మిటర్, పిల్ల చేతిలో ఒకటి, రెండింటికీ లంకె. ఆయన ఒక స్విచ్ నొక్కి పట్టుకున్నంతసేపూ విమానం పిల్లది. అది ముక్కు కిందికి పెట్టిందా, స్విచ్ వదిలేస్తాడు, విమానం మళ్ళీ ఆయనది. అక్షరాభ్యాసంలో పిల్ల చెయ్యి పట్టుకుని బియ్యంలో రాయించడం లాంటిదే, చెయ్యి తగలదు అంతే. నయాపైసా తీసుకోకుండా ఎండలో నిలబడి ఇలా నేర్పే వాలంటీర్లని మా క్లబ్బులోనే ముగ్గుర్ని చూశాను.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చివాట్లు పెడతారు. క్రిస్మస్‌కి ముచ్చటపడి రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్ నమూనా కొనేసి, దాంతో మొదటిరోజే ఎగరేస్తామని వస్తే. "ఇది ఇంటికి పట్టుకెళ్ళి గోడకి తగిలించుకో" అంటారు. ఫోమ్‌తో చేసిన, రెక్క పైన ఉండే నెమ్మది ట్రైనర్ కొనమంటారు. పిల్ల మొహం చిన్నబోతుంది, కానీ వాళ్ళ మాటే వినండి. క్లబ్బుకి వెళ్ళాకే విమానం కొనడం ఇంకా మంచిది.

ఇక మనవైపు సంగతి. మైదానంలో చాలామంది రిటైరైన తెల్లవాళ్ళు, మగవాళ్ళు. ఒక చోట నేను అడిగిన ప్రశ్నకి జవాబు మా వారికి చెప్పారు. మా వారికి ఆ విమానం ముందూ వెనకా తెలీదు! దాన్ని దురుద్దేశం అనను గానీ, పోనీలే అని ఊరుకోను కూడా. మళ్ళీ అడిగాను, ఈసారి ట్రాన్స్‌మిటర్ చేత్తో పట్టుకుని. జవాబు నాకే వచ్చింది. అమ్మలు కారులో ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే వాళ్ళు మనని డ్రైవర్లనే అనుకుంటారు. నిజానికి బడ్డీ బాక్స్‌కి వయసుతో పని లేదు, మీరూ పట్టుకోవచ్చు.

అన్ని క్లబ్బులూ ఒకలా ఉండవు. ఎవరైనా కొత్తవాళ్ళ విమానం కూలినప్పుడు చూడండి. నలుగురు లేచి మొక్కజొన్న చేలో ముక్కలు వెతకడానికి వెళ్తే అది మంచి క్లబ్బు. కుర్చీల్లోంచి నవ్వితే ఇంకో క్లబ్బు వెతుక్కోండి.

కాగితాల పని కొంచెమే. ఎఫ్ఏఏ వారి ట్రస్ట్ పరీక్ష ఆన్‌లైన్‌లో ఉచితం, తల్లీపిల్లా కూర్చుని రాసేయచ్చు. విమానం 250 గ్రాములు దాటితే రిజిస్ట్రేషన్, మూడేళ్ళకి 5 డాలర్లు. పిల్లకి పదమూడేళ్ళు నిండకపోతే మీ పేరున చేయించాలి. 2024 మార్చి నుంచి రిమోట్ ఐడీ నిబంధన గట్టిగా అమలవుతోంది కానీ, ఎఫ్ఏఏ గుర్తించిన క్లబ్బు మైదానాల్లో ఆ పరికరం లేకుండానే ఎగరేయచ్చు. పార్కులో ఎగరేద్దామనుకునేవాళ్ళు ఈ ఒక్క కారణానికైనా క్లబ్బు వైపు చూడాలి.

శనివారం పొద్దున్నే వెళ్ళండి, గాలి తక్కువగా ఉంటుంది. మడత కుర్చీ, టోపీ, నీళ్ళు మీవే తీసుకెళ్ళాలి. నీడ ఉండదు. బాత్రూమ్ అంటే మూలన ఒక ప్లాస్టిక్ డబ్బా, అదీ ఉంటే. ఇంటి దగ్గరే పని ముగించుకుని బయల్దేరండి.