గాజుపెట్టెలో వీణ

రామచంద్రపురంలో బస్సెక్కితే పావుగంటలో ద్రాక్షారామం. భీమేశ్వరుడి దర్శనానికి ఎన్నిసార్లు వెళ్ళామో లెక్కలేదు. ఆ ఊళ్ళోనే 1922లో ఈమని శంకరశాస్త్రి గారు పుట్టారని మా పిల్లలకు ఒక్కసారీ చెప్పలేదు. ఒక్క మీటుకు తీగను లాగి, గొంతు పాడినట్టే స్వరం వెంట స్వరం పలికించిన వైణికుడాయన. తండ్రి అచ్యుతరామశాస్త్రి గారే గురువు. మద్రాసు జెమినీ స్టూడియోలోనూ, ఢిల్లీ ఆకాశవాణిలోనూ పనిచేశారు. కాకినాడ చిట్టిబాబు ఆయన శిష్యుడు. 2022లో ఆయన శతజయంతి వచ్చి వెళ్ళింది. నాకు ఆ సంగతే తట్టలేదు.

వీణ సరస్వతీదేవి చేతిలోది అని దణ్ణం పెట్టుకుంటాం. కానీ ఇరవైనాలుగు మెట్లు కదలకుండా బిగించిన ఈ వీణ పదిహేడో శతాబ్దపు తొలినాళ్ళలో, తంజావూరు రఘునాథ నాయకుడి కాలంలో కుదురుకుందని చెబుతారు. అంతకుముందు రాగాన్ని బట్టి మెట్లు జరుపుకొనే వీణలుండేవి. రామామాత్యుడు 1550 నాటి స్వరమేళకళానిధిలో ఏ మెట్టు ఎక్కడ ఉండాలో తర్కించాడు. రఘునాథుడు తెలుగులో కావ్యాలు రాసిన రాజు. మనవాళ్ళు చెవి పెట్టి, వెతికి వెతికి తీర్చుకున్న వాద్యం ఇది. మేమేమో దేవుడి వస్తువని చెప్పి పక్కన పెట్టేశాం. అలాగైతే దసరాకు పసుపు కుంకుమ పెడితే సరిపోతుంది, సాధన అక్కర్లేదు.

మా ఇంట్లో వీణ అమ్మది. నిరుడు అటక మీంచి దించాను. దండి మీద మైనం ఎండి బీటలిచ్చింది. మూడు మెట్లు ఊడి గుడ్డసంచి అడుగున పడి ఉన్నాయి. సారణి తీగ తుప్పుపట్టి, బిరడా తిప్పబోతే తెగిపోయింది. మా అమ్మాయి తొమ్మిదో తరగతికి రాగానే వీణ మాన్పించింది నేనే. “వారానికి ఒక్కరోజైనా పంపండి బాబూ” అని టీచరుగారు గుమ్మంలో నిలబడి అడిగారు. ట్యూషన్ ఉందన్నాను. మా వీధిలో అందరం ఆవిడకు అదే చెప్పాం. మరుసటేడు ఆవిడ కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. సాగనంపడానికి కూడా ఎవరం పోలేదు.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వారు ఒకే పనస దుంగను తొలిచి కుండా దండీ అతుకు లేకుండా తీస్తారు. సన్మానాలకు మేం కొనేది మాత్రం అక్కడి బొమ్మ వీణ. ఒక పదవీ విరమణ సభకు చందాలెత్తి తెప్పించింది కూడా నేనే. గాజుపెట్టెలో పెట్టి, శాలువా కప్పి, చప్పట్లు కొట్టాం. దాని తీగలు పలకవు. చేసేవారిని అనడానికి ఏమీ లేదు, వారు బతకాలి. వాయించే వీణ కావాలని అడగాల్సిన వాళ్ళం మేం. అడగలేదు.

మా వీణను మెట్లు కట్టించడానికి వచ్చే వారం నూజివీడు తీసుకెళ్తున్నాను. మీ అటక మీద కూడా ఒకటుంటే, ఈ దసరా పూజకు ముందే దింపండి.