మాదీ పనేనండీ!

మన తెలుగులో ఒక్కో పనికి వచ్చే డబ్బుకి ఒక్కో పేరుంది. గుమాస్తాకి జీతం. తాపీమేస్త్రికి కూలి. డాక్టరుకీ, ప్లీడరుకీ ఫీజు. పురోహితుడికి దక్షిణ. మరి రాసేవాళ్ళకో? పారితోషికం! ఎంత ఇంపైన మాటో చూశారా? పరితోషం అంటే సంతోషం. సంతోషించి ఇచ్చేది పారితోషికం. అంటే ఇచ్చేవారికి సంతోషం కలిగితే ఇస్తారు, కలక్కపోతే అడిగే హక్కు మనకి లేదన్నమాట! నెలాఖరున పాలవాడికి "నీ పాలకి సంతోషించి ఇస్తున్నాం, ఇదుగో పారితోషికం" అని తోచినంత చేతిలో పెట్టి చూడండి. మర్నాడు మీ గడప తొక్కితే ఒట్టు!

నేను ఇరవై ఏళ్ళుగా రాసుకునే బతుకుతున్నాను. డబ్బు ఎగ్గొట్టేవారి మీద కన్నా, ఎగ్గొట్టడానికి వీలు కల్పించే ఇలాంటి మాటల మీదే నాకు ఎక్కువ కోపం.

సంపాదకుడు అన్న మాట చూడండి. సంస్కృతంలో దానికి సమకూర్చి సిద్ధం చేసేవాడని అర్థం. కాని మన ఇళ్ళల్లో సంపాదన అంటే డబ్బే కదా! బల్ల అవతల కూర్చున్నాయన సంపాదకుడు, బల్ల ఇవతల కాగితాలు పట్టుకు నిలబడ్డావిడ ఆయన సంతోషం కోసం వచ్చినావిడ. (పాపం, చాలామంది సంపాదకుల సంపాదన ఏపాటిదో నాకు తెలుసు లెండి!)

ఆ పక్కనే ఇంకో మనిషి ఉంటుంది. మన వాక్యాల నడుం సరిచేస్తుంది. దీర్ఘాలూ, వత్తులూ చూస్తుంది. తొమ్మిదో ప్రకరణంలో చచ్చిపోయిన మేనత్త పన్నెండో ప్రకరణంలో కాఫీ కలుపుతోందని పట్టుకుంటుంది. ఆవిడకి మనం పెట్టిన పేరేమిటి? పాత కావ్యాల ప్రతులు పోల్చి సరిచేసిన పండితుణ్ణి 'పరిష్కర్త' అని గౌరవించాం. నిన్నటి నవలని సరిచేసిన అమ్మాయిని "ప్రూఫులు చూసే అమ్మాయి" అంటాం. పుస్తకంలో అట్టమీద బొమ్మ వేసినవారి పేరుంటుంది, అచ్చువేసిన ప్రెస్సు పేరుంటుంది, ఆ అమ్మాయి పేరు మాత్రం చాలాసార్లు ఉండదు.

ఇక ఆడవాళ్ళ సంగతి. 'రచయిత్రి' అన్న మాటలోనే స్త్రీ ఉంది. అది చాలదన్నట్టు సభల్లో "ప్రముఖ మహిళా రచయిత్రి" అని పిలుస్తారు. "ప్రముఖ పురుష రచయిత" అని ఎవరినైనా వేదిక మీదికి పిలవగా విన్నారా? ఇంట్లో అయితే మరీ తేలిక. "మా ఆవిడ తీరుబడిగా ఏవో రాస్తుంటుందండీ!" ఆ మధ్య ఒక బ్యాంకులో ఫారం నింపుతూ, వృత్తి అన్నచోట 'రచన' అని రాశాను. అక్కడి కుర్రాడు మర్యాదగానే దాన్ని కొట్టేసి 'గృహిణి' అని రాశాడు. "అది హాబీ కదా మేడమ్!" అన్నాడు. నేను ఖాతాలో వేయడానికి తెచ్చిన చెక్కు నవలదే!

తీరుబడిట! మాలతీ చందూర్ గారు ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షికని దశాబ్దాల తరబడి నడిపారు. వారపత్రికకి జ్వరాలూ, చుట్టాలూ, పండగలూ తెలియవు. ఇవ్వాల్సిన రోజుకి ఇచ్చి తీరాలి. యద్దనపూడి సులోచనారాణి గారి నవలల్లోంచి 1973లో 'మీనా', 'జీవన తరంగాలు', 1976లో 'సెక్రటరీ' సినిమాలుగా వచ్చాయి. ఆవిడ కలం కదిలితే అచ్చాఫీసు వాడికీ, అద్దె పుస్తకాల కొట్టువాడికీ, సినిమా హాల్లో టిక్కెట్లు చింపేవాడికీ పని దొరికింది. ఆ రోజుల్లో రచయిత్రులకున్న గిరాకీ చూసి కొందరు మగవారు కూడా ఆడపేర్లు పెట్టుకుని నవలలు రాశారు. ఇదంతా తీరుబడి వ్యవహారమే అయితే, ఆ మీసాలవారు మన కొంగు చాటుకి ఎందుకు వచ్చినట్టండీ?

పోనీ మనకి వేరే మాట లేదా అంటే ఉంది. వెనకటి కొలువుల్లో రాతపనిని రాయసం అనేవారు. అది ఉద్యోగం, దానికి గౌరవం, జీతం ఉండేవి. ఇంటిపేరుగా కూడా నిలిచింది. ఆడవాళ్ళ కోసం వచ్చిన తొలినాటి పత్రికల్లో ఒకటైన 'తెలుగు జనానా'ని నడిపిన పెద్దమనిషి రాయసం వెంకటశివుడు గారే!

"సరస్వతిని అమ్ముకుంటారా?" అని నొచ్చుకునే పెద్దలున్నారు. పిల్లకి సంగీతం చెప్పే మాస్టారికి నెల నెలా జీతం ఇస్తున్నాం కదా, సరస్వతి ఎప్పుడైనా అలిగిందా? వీణ చేసినవాడికి డబ్బివ్వకపోతే ఆవిడ చేతికి వీణే ఉండదు.

అందుకని, ఇంట్లో కూర్చుని అనువాదాలు చేసే అమ్మాయిలూ, ప్రకటనలకి మాటలు రాసే చెల్లెళ్ళూ, ప్రూఫులు దిద్దే అక్కయ్యలూ, నా మాట వినండి. పని ఒప్పుకునే ముందే "నా రాతకూలి ఎంత? ఎప్పుడిస్తారు?" అని అడగండి. కాగితం మీద రాయించుకోండి. దిద్దే పనైతే పుస్తకంలో మీ పేరు వేయమనండి. "ఇంత డబ్బు మనిషా!" అని ఎవరైనా ముక్కున వేలేసుకుంటే వేసుకోనివ్వండి. కూలి అన్న మాట మోటుగా ఉందంటారా? ఉండనివ్వండి. ఆ మాటలో బాకీ ఉంది, బాకీ తీర్చక తప్పదు.

ఇది చదివి మా సంపాదకులు సంతోషించకపోయినా నాకేం బాధలేదు. డబ్బు పంపిస్తే చాలు.