కొత్త ఇల్లు వచ్చేదాకా అవ్వ కాచుకోవాలా?

"కొత్త ఇల్లు కట్టేటప్పుడు అన్నీ చూసుకుందాం." చక్రాల కుర్చీ ఉన్న ఇండ్లలో ఎక్కువగా వినిపించే మాట ఇదే. వినేదానికి బాగానే ఉంటుంది. నాకు మాత్రం అది పనిని వాయిదా వేసే మాట. స్థలం, లోను, ముహూర్తం అన్నీ కుదరాలి కదా! మా అవ్వకు పక్షవాతం వచ్చి రెండేండ్లు. బాత్రూంకు పోవాలంటే నాయన ఎత్తుకొని పోవాలి. నాయన పనికి పోయిన రోజు సాయంత్రం దాకా అవ్వ నీళ్లు తాగదు. ఆమెను ఇంకెన్నేండ్లు కాచుకోమంటారు?

దిండిగల్లులో పాత పెంకుటిండ్లకు మెట్లు, తిన్నె, గడప ఉంటాయి. కష్టమే. అందుకని పడగొట్టి కట్టినవి ఎట్లున్నాయి? వాననీళ్లు రాకూడదని ఇంకా ఎత్తు పెంచుతారు, మూడు మెట్లు ఆరవుతాయి. టైల్సు అద్దం మాదిరి మెరుస్తాయి, తడికాలు పెడితే జారుతాయి. బాత్రూం తలుపు మాత్రం అదే రెండడుగులు! పెద్దవాళ్ల కుర్చీ అంతకన్నా వెడల్పు. తలుపు మూడడుగులైనా ఉండాలి.

పాత ఇంట్లో ఏం చెయ్యవచ్చో లెక్క వేద్దాం. వాలుబాటకు ప్రభుత్వ కొలత 1:12. అంటే 7 అంగుళాల మెట్లు మూడుంటే ఎత్తు 21 అంగుళాలు, బాట 21 అడుగులు. వీధిలోకి చాచలేము, నిజమే. పక్క సందులో చోటుంటే పెరటి వాకిలికి వేయవచ్చు. 2 అంగుళాల గడపకు 2 అడుగుల పలక చాలు. గడప లక్ష్మి, తీయకూడదు అంటారు పెద్దలు. తీయవద్దు! పసుపు కుంకుమ పెట్టండి, రెండు పక్కలా పలక వాల్చండి. బాత్రూం తలుపు వెడల్పు చేసి బయటికి తెరుచుకునేట్టు బిగించాలి. లోపల మనిషి పడిపోతే లోపలికి తెరిచే తలుపు రాదు. గోడకు గట్టి కమ్మి పెట్టాలి. ఇదంతా మేస్త్రికి కొన్ని రోజుల పని.

2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా ఉన్న ప్రజాభవనాలను అయిదేండ్లలో మార్చమన్నది, పడగొట్టమనలేదు. మన ఇండ్లకు అట్లాంటి గడువు ఎవరూ పెట్టలేదు. అందుకే మనకు తొందర లేదు.

మేడమీద మాత్రమే కాపురమున్నవాళ్లకు, గోడలు బీటలు వారినవాళ్లకు కొత్తదే దారి, ఒప్పుకుంటాను. వాళ్లు కూడా ఇంజినీరును పూజగది ఏ దిక్కున అని మొదట అడుగుతారు. కుర్చీ తిరిగేదానికి బాత్రూంలో 5 అడుగుల చోటుందా అని ఆ రోజే అడగండి. పునాది పోసినాక అడిగితే మళ్లీ గోడ కొట్టాల్సిందే.