వాదమా? కోడిపందెమా?

పండితు లిరువురు సభకెక్కి కలహించినచో లోకము తొలుత నవ్వును. పిమ్మట డబ్బిచ్చి మఱల పిలుచును. ఈ బేరము టెలివిజనులో నెట్లు వేళ్లూనెనో తెలియగోరువారు ‘బెస్ట్ ఆఫ్ ఎనిమీస్’ అను డాక్యుమెంటరీ చిత్రమును చూడవలయును. 1968వ సంవత్సరమున అమెరికాలో విలియం ఎఫ్. బక్లీ, గోర్ విడాల్ అను మేధావు లిరువురు జరిపిన పది వాదములు దాని కథావస్తువు. రాబర్ట్ గార్డన్, మోర్గన్ నెవిల్ అనువారు 2015లో దానిని వెలువరించిరి. చిత్రము చక్కగ నున్నది. దానిని చూచి కొందఱు తీయుచున్న తాత్పర్యము మాత్రము చక్కగ లేదు. “ఆహా! ఆ కాలమున ఎట్టి పండితులు! ఎట్టి భాష! నేటి ఛానళ్ల గోల యెక్కడ, ఆ వాదము లెక్కడ!” అని వారు నిట్టూర్చుచున్నారు. ఈ నిట్టూర్పునకు ఆధారము లేదని మా మనవి.

పూర్వాపరములు విచారింతము. ఆనాడు అమెరికాలో మూడు పెద్ద టెలివిజను సంస్థలుండెను. అందు ఏ.బి.సి. కడపటిది. పార్టీల మహాసభలను ఆసాంతము చూపుటకు దానికి స్తోమత చాలదయ్యెను. కావున రాత్రికి గంటన్నర కార్యక్రమముతో సరిపెట్టుకొని, ఆ లోటును పూడ్చుటకు ఇద్దఱు ప్రత్యర్థులను తెచ్చి కూర్చుండబెట్టెను. బక్లీ 1955లో ‘నేషనల్ రివ్యూ’ పత్రికను స్థాపించిన సంప్రదాయవాది. విడాల్ నవలాకారుడు, వామపక్షాభిమాని. విడాల్‌తో మాత్రము కూర్చుండనని బక్లీ ముందుగనే చెప్పియుండెననియు, అది యెఱిగియే సంస్థవారు విడాల్‌ను పిలిచిరనియు ప్రసిద్ధి. సంక్రాంతినాడు బరిలో దింపుటకు ఏ రెండు కోళ్లకు పడదో చూచువాని తెలివియే యిది! కత్తి కట్టినవాడు వేఱు, నెత్తురు కార్చినవి వేఱు, డబ్బు లెక్కించుకొనినవాడు వేఱు.

ఆగస్టు మాసమున మయామీ బీచిలో రిపబ్లికను సభలతో వాదములు మొదలై, చికాగోలో డెమొక్రాట్ల సభలతో ముగిసెను. అది సామాన్యమైన సంవత్సరము కాదు. ఏప్రిలులో మార్టిన్ లూథర్ కింగు, జూనులో రాబర్ట్ కెన్నెడీ హతులైరి. వియత్నాములో ఐదు లక్షలకు మించిన అమెరికను సైన్యముండెను. ఆగస్టు 28వ తేదీన చికాగో వీథులలో యుద్ధవ్యతిరేకులను పోలీసులు లాఠీలతో మోదిరి. ఆ రాత్రియే మధ్యవర్తి హోవర్డ్ కె. స్మిత్, పార్కులో వియత్‌కాంగు జెండా నెత్తుట కవ్వింపు కాదా, వెనుకటి యుద్ధకాలమున నాజీ జెండా నెత్తినట్లు కాదా యని యడిగెను. ప్రశ్నలోనే జవాబును నాజీ యను మాటను ఇమిడ్చి యిచ్చిన మధ్యవర్తిని ఏమనవలయును? కొంతసేపటికి విడాల్ బక్లీని ప్రచ్ఛన్న నాజీ యనెను. బక్లీ అతని కామప్రవృత్తిని పట్టి హేయముగ తిట్టి, మొగము పగులగొట్టెదనని బెదరించెను. ఇదియా ఆ సువర్ణయుగము?

ఆ పది రాత్రులలో సరుకే లేదని మే మనము. ధనికులకును దరిద్రులకును గల అంతరమును గూర్చి విడాల్, శాంతిభద్రతలను గూర్చి బక్లీ చెప్పిన మాటలలో ఆలోచింపదగినవి కలవు. కాని లోకము వానిని మఱచెను. రెండు తిట్లను మాత్రము ఏబదియేండ్లకు పైగా వల్లించుచున్నది. వీథిలో తలలు పగిలినవారి గోడు ఆ తిట్ల క్రింద పడి నలిగెను. మా అభియోగమంతయు నిదియే.

మన గౌతముని న్యాయశాస్త్రము కథను మూడు విధములుగ విభజించెను. సత్యమునకై చేయునది వాదము. గెలుపునకై చేయునది జల్పము. స్వపక్షము లేక పరపక్షమును చెఱచుట వితండ. సంస్కృతము పలికినంతమాత్రమున జల్పము వాదము కానట్లే, చక్కని ఇంగ్లీషు పలికినంతమాత్రమున పందెము పాండిత్యము కానేరదు. మా వృత్తిలోని నియమ మొకటి చెప్పెదము. సాక్షిని అవమానించుటకై వేయు ప్రశ్నను న్యాయమూర్తి నిషేధింపవలయునని 1872 నాటి సాక్ష్యపు చట్టము శాసించెను. దాని స్థానమున వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమునందును ఆ నియమము నిలిచియున్నది. ఏలయన, అవమానము పుట్టినచోట సాక్ష్యము చచ్చును. టెలివిజను కచేరిలోనో, అవమానము పుట్టినప్పుడే ఆదాయము పుట్టును!

ఆ పందెపుగోళ్లకు మిగిలిన దేమి? 1969లో ఇరువురును ‘ఎస్క్వయర్’ పత్రికలో ఒకరినొకరు దూషించుకొనిరి. వ్యాజ్యములు పుట్టెను, 1972 దాక సాగెను. బక్లీ 2008లోను, విడాల్ 2012లోను గతించిరి. పగ మాత్రము చల్లారలేదని చిత్రము చూపుచున్నది.

ఇది పరదేశపు ముచ్చట యని చదువరులు పత్రిక మడిచివేయరాదు. 2021 ఫిబ్రవరిలో ఒక తెలుగు ఛానలున రాజకీయ చర్చ జరుగుచుండగా ఒకరు మఱియొకరిని చెప్పుతో కొట్టిరి. చెప్పు అందఱకు జ్ఞాపకమున్నది. ఆనాటి చర్చావిషయమేమో ఎందఱు చెప్పగలరు?

అట్లని చర్చలను మాన్పింపుడని మే మనము. వాదము లేని దేశమున దొరల మాటయే వేదమగును. మేము కోరునది చర్చకు ధర్మము. మధ్యవర్తి నిప్పు రాజేయువాడు గాక నిలువరించువాడు కావలయును. అంకె చెప్పినవాడు ఆధారము చూపవలయును. ఒకడు మాటలాడునప్పుడు రెండవవాడు వినవలయును. ఈ మూడును లేని చర్చ ఎదుట కూర్చుండకుడు. పఠనమందిరములలో మీరే ఒక విషయము నెత్తుకొని, ఇరుపక్షముల వారిని పిలిచి, ఈ నియమములతో వారమున కొక సాయంకాలము వాదము జరుపుడు. చూచువారు లేచిపోయిన బరిలో ఏ ఆసామియు కోడిని దింపడు.