ట్యాంకుకీ ఊపిరాడాలి

నూనెడబ్బాకి రెండు చిల్లులు యెందుకు పొడుస్తారో మీ యింట్లో ఆడవాళ్ళని అడిగి చూడండి. వొక్క చిల్లే పొడిస్తే నూనె గుటకలు వేస్తూ, ఆగి ఆగి పడుతుంది. రెండో చిల్లులోంచి గాలి లోపలికి పోతేనే ధార సాగుతుంది. కారు పెట్రోలు ట్యాంకు సంగతీ అంతే. ఇంజను తాగిన మేరకు గాలి లోపలికి రావాలి. ఎండకి పెట్రోలు పొంగితే ఆవిరి బయటికి పోవాలి. 30 లీటర్ల పెట్రోలు 10 డిగ్రీలు వేడెక్కితే పావు లీటరు పైచిలుకు పెరుగుతుంది. బెజవాడ ఎండల్లో పొద్దుటికీ మధ్యాహ్నానికీ ఆ మాత్రం తేడా ఓ లెక్కా! ఈ రాకపోకల కోసమే ట్యాంకు పైభాగాన వొక సన్నగొట్టం వుంటుంది. పాపం, దాన్ని యెవరూ పట్టించుకోరు.

అది మూసుకుపోయిందనుకోండి. కారు కాస్త దూరం బాగానే వెళ్ళి, నడిరోడ్డు మీద నీరసించి ఆగిపోతుంది. కార్బ్యురేటరు విప్పుతారు, పంపు మారుస్తారు, మన చేతి చమురు వదుల్తుంది. ట్యాంకు మూత తియ్యగానే బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుని, బండి మళ్ళీ కదిలిందంటే మాత్రం ముందు అనుమానించవలసింది ఆ సన్నగొట్టాన్నే.

మా పాత మారుతీ 800కి కిందటి వేసవిలో ట్యాంకు దింపించవలసి వచ్చింది. అడుగున తుప్పు. మా వీధి చివర మెకానిక్కు బండిని షెడ్డులోకి కాక ఆరుబయట వేపచెట్టు కిందికి తోయించాడు.

“లోపల గొయ్యి వుందిగా, అబ్బాయ్?” అన్నాను.

“పెట్రోలావిరి గాలికంటె బరువు, మాస్టారూ. గోతిలోకి దిగి కూచుంటుంది. సాయంత్రం యెవడో బల్బు పట్టుకుని దిగుతాడు” అన్నాడు.

ఆ వొక్క మాటతో నాకు అతని మీద గురి కుదిరింది. ఇంజను చల్లారేదాకా ఆగాడు. మూత మెల్లగా తిప్పి లోపలి వొత్తిడి వదిలాడు. బ్యాటరీ నెగెటివు తీగ విప్పాడు. పెట్రోలుని ఇనప డబ్బాలోకే పట్టాడు, ప్లాస్టిక్ బకెట్ జోలికి పోలేదు. పెట్రోలు జారేటప్పుడు పుట్టే విద్యుత్తు ప్లాస్టిక్‌లో నిలిచిపోయి నిప్పురవ్వ కావచ్చు. గొట్టాన్ని నోటితో పీల్చబోయిన కుర్రవాణ్ణి గట్టిగా కసిరాడు. కసరవలసిందే. వొక్క గుక్క పొరపాటున వూపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

ట్యాంకు ఖాళీ అయింది గదా, చిల్లుకి వెల్డింగు పెట్టించేద్దామన్నాడు ఆ కుర్రవాడే. ఇక్కడే చాలామంది మోసపోతారు. గాలిలో పెట్రోలావిరి నూటికి సుమారు వొకటిన్నర మొదలు ఏడున్నర వంతుల దాకా వుంటే చాలు, నిప్పు తగిలితే పేలుతుంది. నిండు ట్యాంకులో ఆవిరే యెక్కువ, గాలి తక్కువ. వొంపేసిన ట్యాంకులోకి గాలి చేరి ఆ పాళ్ళు చక్కగా కుదురుతాయి. నీళ్ళతో వూరికే కడిగినా ఆవిరి పోతుందన్న భరోసా లేదు. మా మెకానిక్కు మారుమాట లేకుండా కొత్త ట్యాంకు తెప్పించాడు. ఖర్చుకి నేనూ గొణగలేదు.

ఇక గొట్టాలు. పెట్రోలు తీసుకుపోయేది వొకటి, మిగిలింది వెనక్కి తెచ్చేది వొకటి, వూపిరిది వొకటి. విప్పేటప్పుడే దారంతో వొకముడి, రెండుముళ్ళు, మూడుముళ్ళు గుర్తు కట్టాడు. (మీరైతే ఫోనుతో ఫోటో తీసుకోండి.) పోకా రాకా తారుమారైతే చాలా బళ్ళలో ట్యాంకు సగం వుండగానే ఇంజను ఆగుతుంది. పోసేగొట్టం పక్క సన్నగొట్టం మడతపడితే బంకులో గన్ను మాటిమాటికీ టక్కుమని ఆగుతుంది, మనం బంకు కుర్రాణ్ణి తిడతాం. వూపిరిగొట్టం వూడితే ఆవిరి కారులోకి వచ్చి వెనకసీటు పిల్లలకి కడుపులో తిప్పుతుంది.

పాత రబ్బరు మళ్ళీ తొడగనివ్వకండి. 2023లో అమ్మకం మొదలైన ఇ-20 పెట్రోలులో అయిదోవంతు ఇథనాలు. పాతకాలపు గొట్టాలు దానికి తట్టుకోలేవు. పెట్రోలుకని తయారైన గొట్టమే కొనండి, నీళ్ళగొట్టం పనికిరాదు. క్లిప్పు గొట్టపు కొసని కాక, లోపలి గొట్టం గుబ్బ దాటాక బిగించాలి.

కొత్త బళ్ళలో ఈ వూపిరిగొట్టం బొగ్గు డబ్బాలోకి పోతుంది. బొగ్గు ఆవిరిని పట్టి వుంచి, తర్వాత ఇంజనుకి అందిస్తుంది. గన్ను ఆగాక కూడా “ఇంకొంచెం పొయ్యవయ్యా” అంటే ఆ బొగ్గు తడిసి చెడుతుంది. పైగా ఈ బళ్ళలో ఇంజను ఆపినా గొట్టంలో వొత్తిడి మిగిలే వుంటుంది, మీరు చెయ్యి పెట్టకండి.

పని అయ్యాక ముందు 5 లీటర్లే పోయించి, టార్చితో అతుకులన్నీ చూడండి. తడి లేకపోతే ట్యాంకు నింపించండి. మర్నాడు షెడ్డు తలుపు తియ్యగానే వాసన చూడండి. పెట్రోలు కంపు కొడితే లైటు స్విచ్చి వెయ్యకుండా, తాళం తిప్పకుండా, బండిని బయటికి తోయించి మెకానిక్కుకి కబురు పెట్టండి.