చిక్కడపల్లిలో ఆరు వేల ఆర్‌పీఎం

పాత కారుకి పికప్ తగ్గిందని నోరు జారితే చాలు, నాలుగు దిక్కుల నుంచీ ఒకటే వైద్యం వినిపిస్తుంది. కంపెనీ ఎయిర్ ఫిల్టర్ డబ్బా పీకేసి కోన్ ఫిల్టర్ పెట్టించు. సైలెన్సర్ మార్చి ఫ్రీఫ్లో వేయించు. వెడల్పు టైర్లు, అల్లాయ్‌లు ఎక్కించు. ఇంకా డబ్బుంటే ఒక చిప్. ఇరవై, పాతిక వేలలో కారు కుర్రదైపోతుందట. చెప్పేది అమ్ముకునేవాడే అయితే వాడి వ్యాపారమని ఊరుకోవచ్చు. కాలేజీ మనవలు చెబుతున్నారు, వాళ్ల మాట మీద పెన్షన్ తాతలు డబ్బు తీస్తున్నారు, ఏళ్ల తరబడి స్పానర్ పట్టిన మెకానిక్‌లు కూడా తలూపుతున్నారు. ఈ సలహాలో ఇంజిన్ శాస్త్రం అంతో ఇంతో ఉంది. రోడ్డు మాత్రం ఎక్కడా లేదు.

మన హైదరాబాద్ రోడ్డు సంగతి చూడండి. నారాయణగూడ వైఎంసీఏ దగ్గర బయల్దేరి చిక్కడపల్లి మీదుగా ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా. నడిమధ్య మెట్రో స్తంభాలు. 2020 ఫిబ్రవరిలో పైన రైలు మొదలైంది గానీ కింద రద్దీ తగ్గిన దాఖలా లేదు. సినిమా వదిలే వేళకు సంధ్య, దేవి, సుదర్శన్ థియేటర్ల జనమంతా రోడ్డు మీదే. ఎడమకు తిరిగి అశోక్ నగర్ సందుల్లోకి పోతే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, రెండు వైపులా నిలిపిన బైకులు, టీ గ్లాసు పట్టుకుని రోడ్డు మధ్యలోనే కరెంట్ అఫైర్స్ చర్చించే గ్రూప్స్ అభ్యర్థులు. 2023 ఆగస్టులో ఇందిరా పార్కు నుంచి వీఎస్‌టీకి తెరిచిన స్టీల్ బ్రిడ్జి ఎక్కితే రెండు కిలోమీటర్ల పైచిలుకు ఊపిరాడుతుంది. దిగగానే మళ్లీ మామూలే. ఇక్కడ కారు పగలంతా పది, ముప్పై కిలోమీటర్ల మధ్యే బతుకుతుంది.

ఇప్పుడు మారుతి 800నే తీసుకుందాం. 796 సీసీ, మూడు సిలిండర్లు, 37 హార్స్‌పవర్. భారత్ స్టేజ్-4 కాలుష్య ప్రమాణాలు ముందుగా అమలైన 13 నగరాల్లో హైదరాబాద్ ఒకటి కావడంతో 2010 ఏప్రిల్ నాటికే ఇక్కడ దాని అమ్మకం ఆగిపోయింది. అంటే మన షోరూముల్లో కొన్న ప్రతి 800కీ పదిహేనేళ్లు నిండాయి. ఆ 37 గుర్రాలూ దొరికేది 5,000 ఆర్‌పీఎం దగ్గర. లాగే బలం, అంటే టార్క్, 59 న్యూటన్ మీటర్లు. అది 2,500 దగ్గరే పూర్తిగా అందుతుంది. గేరు నిష్పత్తులు, టైరు చుట్టుకొలత పెట్టి లెక్కేస్తే రెండో గేరులో 2,500 ఆర్‌పీఎం అంటే గంటకు ఇంచుమించు పాతిక కిలోమీటర్లు. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు కదిలే వేగమూ అదే. ఆ ఇంజిన్‌ని గీసినవాడు చిక్కడపల్లి చూడకపోయినా చిక్కడపల్లి కోసమే గీసినట్టున్నాడు.

మన అప్‌గ్రేడ్ వైద్యులు చెడగొట్టేది సరిగ్గా దీన్నే. గాలి సులువుగా లోపలికి రావాలి, పొగ సులువుగా బయటికి పోవాలి అన్న సూత్రంలో తప్పేమీ లేదు. అయితే దాని లాభం ఇంజిన్ గాలిని గుటకలు గుటకలుగా మింగే పై ఆర్‌పీఎంలో. కింద, రెండు వేల దగ్గర, ప్రవాహమే తక్కువ. గొట్టం వెడల్పు చేస్తే పొగ వేగం పడిపోతుంది, సిలిండర్‌ను ఖాళీ చేయడంలో ఆ వేగం ఇచ్చే సాయమూ పోతుంది. పైన ఒకటో రెండో గుర్రాలు కలిసినా కింద లాగుడు సన్నగిల్లుతుంది. ఆరు వేల దాకా ఇంజిన్‌ని అరిపించే అవకాశం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఎవరికి దొరుకుతుందో చెప్పండి. పైగా కోన్ ఫిల్టర్ కూర్చునేది బానెట్ కింద, రేడియేటర్ వేడిలో. వేడి గాలి పలచన. ట్రాఫిక్‌లో ఆగిన కారు తన వేడిని తానే పీలుస్తుంది. మరి పికప్ పెరిగినట్టు అనిపిస్తుందే అంటారా? అది చెవి చెప్పే అబద్ధం. చప్పుడు పెరిగితే వేగం పెరిగిందని చెవి నమ్మేస్తుంది. స్టాప్‌వాచ్ నమ్మదు.

వేడి బాధ తెలిసిన తెలివైనవాళ్లు ఇంకో పని చేస్తారు. ఫిల్టర్‌ని పైపుతో కిందికి దించి బంపర్ వెనక పెడతారు, చల్లగాలి కోసం. అశోక్ నగర్‌లో ఇంతకు మించిన సాహసం లేదు. పక్కనే హుస్సేన్ సాగర్ మిగులు నీళ్లు మోసే నాలా ఉంది. గట్టి వాన ఒక గంట కొడితే ఆ చుట్టుపక్కల పల్లపు సందుల్లో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అక్కడివాళ్లను అడగండి. కంపెనీవాడు గాలి పీల్చే మూతిని పైకెత్తి పెట్టింది ఊరికే కాదు. గాలి బదులు నీళ్లు సిలిండర్‌లోకి పోతే, నీళ్లను నొక్కడం పిస్టన్ వల్ల కాదు. వంగేది కనెక్టింగ్ రాడ్. నాలుగు వేలు పోసి తెచ్చిన చల్లగాలికి ఇంజిన్ మొత్తం విప్పుడు ఖర్చు తోడవుతుంది.

ఇక చప్పుడు. ఒకపక్క నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున్నుంచి రాత్రి దాకా పుస్తకాల ముందు కూర్చున్న నిరుద్యోగులు, ఇంకోపక్క త్యాగరాయ గానసభలో పాడుకునేవాళ్లు. వీళ్ల మధ్య నుంచి డబడబలాడుతూ పోయే 37 గుర్రాల బండిని చూస్తే కోపం కన్నా జాలి ఎక్కువ కలుగుతుంది. 2023 ఫిబ్రవరి 11న ఇక్కడికి కూతవేటు దూరంలో, హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ రేసు జరిగింది. గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్ కారుకి సైలెన్సర్ లేదు, మార్చాల్సిన పనీ లేదు. అది కరెంటు బండి.

చట్టం మాట కూడా అనేసి వదిలేస్తాను. కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ముందుగా వెతికేది కూడా ఇలాంటి మార్పునే.

ఒక్క చోట అవతలివాళ్లు చెప్పింది నిజం, ఒప్పుకోవాలి. టర్బో ఉన్న డీజిల్ కార్లకు, ఉదాహరణకు 2007లో వచ్చిన స్విఫ్ట్ డీజిల్‌కి, రీమ్యాప్ చేస్తే, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని లెక్కలు మారిస్తే, బలం నిజంగానే పెరుగుతుంది. డీజిల్ మోతాదు సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంటుంది కాబట్టి. కానీ ఆ 1.3 లీటర్ల ఇంజిన్ జబ్బు ఏమిటో నడిపినవాళ్లందరికీ తెలుసు. రెండు వేల ఆర్‌పీఎం లోపు టర్బో నిద్రపోతుంది. రీమ్యాప్ మేలుకున్న టర్బోకి కండ పెంచుతుందేగాని నిద్ర పెద్దగా తగ్గించదు. నారాయణగూడ చౌరస్తాలో మనకు కావాల్సింది నిద్ర లేవడం. ఆ కొత్త కండ భారమంతా పాత క్లచ్ ప్లేట్ మీద పడుతుంది. విజయవాడ హైవే మీద రోజూ తిరిగేవాడు చేయించుకుంటే అర్థముంది.

పెట్రోలు కార్లలో దూర్చే చిప్‌ల గురించి రాయడానికి సిగ్గేస్తోంది. విప్పి చూస్తే లోపల మిణుకుమనే బల్బు తప్ప ఏమీ లేనివి ఎన్నో బయటపడ్డాయి. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు కూడా అంతే. ఆక్టేన్ అంటే శక్తి కొలత కాదు, ఒత్తిడికి ముందే అంటుకోకుండా ఓర్చుకునే గుణం. 91 ఆక్టేన్‌తో హాయిగా నడిచే పాత ఇంజిన్‌కి ఆ ఓర్పుతో పనేముంది?

సరే, మరేం చేయాలి? ముందు కారు ఎక్కడ ఓడిపోతోందో చూడాలి. మే నెల మధ్యాహ్నం, నలుగురు మనుషులు, ఏసీ వేసి నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే చిన్న కారు ఆయాసపడుతుంది. ఏసీ ఆపగానే ప్రాణం లేచొస్తుంది. ఇది అందరికీ తెలిసిన సంగతే, అక్కడి నుంచి ఒక అడుగు ముందుకు మాత్రం ఎవరూ వేయరు. ఏసీ కంప్రెసర్ ఇంజిన్ నుంచి ఎంత బలం లాక్కుంటుందనేది ముందు ఉన్న కండెన్సర్ వేడిని ఎంత బాగా వదిలించుకుంటుందన్న దాని మీద ఉంది. పదేళ్ల దుమ్ము ఆ జాలీలో పేరుకుంటే, దాని ముందో వెనకో తిరిగే ఫ్యాన్ మోటారు నీరసిస్తే, గ్యాస్ ఒత్తిడి పెరిగిపోతుంది. కంప్రెసర్ బరువెక్కుతుంది, ఆ బరువును మోసేది మీ 37 గుర్రాలే. ఆగి ఉన్న కారుకి గాలి కొట్టేది ఆ ఫ్యాన్ ఒక్కటే. కండెన్సర్ కడిగించడం, ఫ్యాన్ మోటారు మార్పించడం: చిక్కడపల్లి కారుకి ఇంతకంటే పెద్ద పవర్ అప్‌గ్రేడ్ నాకు తెలియదు. “పికప్ లేదని సైలెన్సర్ మార్పిస్తరు సార్, ముందల జాలీ జూడమంటే ఎవరు జూడరు” అనే మెకానిక్ మీకు దొరికితే వదులుకోకండి.

“ఇది రిపేరు కదా, అప్‌గ్రేడ్ ఎలా అవుతుంది?” ఇదే అసలు వాదన, దీని మీదే కోట్ల వ్యాపారం నిలబడింది. పదిహేనేళ్ల కారు షోరూములో ఇచ్చిన బలంతో ఇప్పుడు నడవడం లేదు. మూసుకుపోయిన ఫిల్టర్, సందు పెరిగిన ప్లగ్గులు, సర్దని వాల్వులు, మసి పట్టిన థ్రాటిల్, కొంచెం అంటుకుంటూ తిరిగే బ్రేకులు, ఒక్కొక్కటీ ఒక్కో చెంచాడు బలం తాగేస్తుంది. పోయింది తిరిగి తెచ్చుకుంటే వచ్చే లాభం ఏ కోన్ ఫిల్టరూ ఇవ్వలేదు. అమెరికా ఇంధన శాఖ కోసం ఓక్ రిడ్జ్ ప్రయోగశాల 2009లో చేసిన పరీక్షల్లో, కంప్యూటర్ నియంత్రణ ఉన్న పెట్రోలు కార్లలో మూసుకుపోయిన ఫిల్టర్ మారిస్తే మైలేజ్ పెరగలేదు గానీ వేగం అందుకునే సమయం 6 నుంచి 11 శాతం దాకా మెరుగైంది. మార్చింది మామూలు కాగితం ఫిల్టరే, కొన్ని వందల రూపాయలది.

దీనికి తోడు కొత్తగా ఇథనాల్ గొడవ. ఇథనాల్ లేని పెట్రోలు కోసం రూపొంది 10 శాతానికి సర్దిన కార్లలో 20 శాతం కలిపిన పెట్రోలు పోస్తే మైలేజ్ 6, 7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. కార్బొరేటర్ బండి అయితే ఇంకో చిక్కు. పెట్రోలు పాలు తగ్గి మిశ్రమం పలచబడిందని తెలుసుకునే సెన్సర్ దానికి లేదు. ఆక్సిలరేటర్ తొక్కగానే ఒక క్షణం తడబడుతుంది. పికప్ పోయిందని మనం బజారుకి పరుగెత్తేది ఆ తడబాటు చూసే. జెట్‌లు, మిశ్రమం సర్దించి, ఎండిపోయిన రబ్బరు పైపులు ఇథనాల్‌కి తట్టుకునేవి వేయిస్తే సగం రోగం పోతుంది.

టైర్ల విషయంలో నేను ఛాందసుణ్ణి కాదు. వెడల్పు చేయండి, లెక్క తప్పకండి. పాత ఆల్టో టైరు 145/80 ఆర్12, ఎత్తు సుమారు 537 మిల్లీమీటర్లు. 155/65 ఆర్13 వేస్తే 532, తేడా ఒక్క శాతం లోపే. ఆ తర్వాత వచ్చిన ఆల్టో కె10కి కంపెనీయే వేసిన సైజు అది. అంతకు మించి ఎక్కిస్తే ఎత్తు పెరిగి గేర్లు బరువెక్కుతాయి, కింద ఉన్న ఆ కాస్త లాగుడూ హరీ. టైరు కొనేటప్పుడు పక్కగోడ మీది నాలుగు అంకెలు చూడండి: 3421 అంటే 2021వ సంవత్సరం, 34వ వారంలో తయారైంది. బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు తప్పనిసరి అయింది. మన పాత బండ్లకు అది లేదు. నాలుగు అరచేతులంత రబ్బరే వాటి ఏబీఎస్.

లైట్ల సంగతి చెప్పకుండా వదల్లేను, ఎందుకంటే ఎదుటివాడి కళ్లు పోగొట్టే తెల్ల బల్బులు కూడా అప్‌గ్రేడ్ పేరుతోనే అమ్ముతున్నారు. పాత కారు హెడ్‌లైట్ మసకబారడానికి బల్బు ఒక్కటే కారణం కాదు. ఆ కరెంటంతా డాష్‌బోర్డు స్విచ్చి గుండా, సన్నటి పాత వైర్ల గుండా తిరిగొస్తుంది. దారిలో వోల్టేజీ పదో వంతు పోతే వెలుగు దాదాపు మూడో వంతు పోతుంది. హాలోజెన్ బల్బు స్వభావం అది. బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టి మందం వైరు లాగి రెండు రిలేలు వేయిస్తే కంపెనీ బల్బే కొత్తగా వెలుగుతుంది. రిలేలు, వైరు అన్నీ రాణిగంజ్‌లో దొరుకుతాయి. ఫ్రీఫ్లో సైలెన్సర్ కన్నా చాలా చవక.

ఇవన్నీ విని “ఇంత బాధెందుకు, అమ్మేసి కొత్తది కొనుక్కో” అనేవాళ్లు ఇంకో జట్టు. ఢిల్లీలో తెచ్చిన వయసు నిషేధం ఇక్కడ లేదని వాళ్లకు గుర్తు చేయాలి. 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం పదిహేనేళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును 600 నుంచి 5,000కి పెంచిన మాట నిజమే. ఆ ఫీజూ, మరో పది వేల పనీ కలిపినా కొత్త కారు మొదటి ఏడాది బీమా, లైఫ్ ట్యాక్స్‌కు చాలవు. పార్కింగ్‌కి చోటు లేక బైకుల మధ్య దూర్చే సందులో కొత్త పెయింటు ఎన్నాళ్లుంటుందో కూడా లెక్కలో వేసుకోవాలి.

రేసు సరదా ఉన్నవాళ్ల మీద నాకు పగ లేదు. చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టైలో ట్రాక్ ఉంది, కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే ఉంది. అక్కడికి తీసుకెళ్లి ఇంజిన్‌ని ఎంతైనా అరిపించుకోవచ్చు. కాకపోతే అక్కడికి వెళ్లే కారుకి కూడా మొదట మార్చాల్సింది సైలెన్సర్ కాదు, బ్రేక్ ఆయిల్. అది గాలిలో తేమ పీలుస్తుంది. కొత్త డాట్-4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టిన అదే ఆయిల్‌కి ప్రమాణం ఒప్పుకునే కనీసం 155 డిగ్రీలే. అది మరిగి ఆవిరైందంటే పెడల్ నేలకి ఆనుతుంది, కారు ఆగదు. శ్రీశైలం ఘాట్ దిగేవాళ్లకూ ఇదే లెక్క. బ్రేక్ ఆయిల్ సీసా మూత తీసి లోపలి ఆయిల్ టీ డికాక్షన్ రంగులో ఉందేమో చూడండి, రెండేళ్లు దాటితే రంగు చూడకుండానే మార్పించండి.