ఇంగ్లీషు పలుకుబళ్లలోని జంతువులు

నంద్యాల, ఆళ్లగడ్డ బాలబాలికలు ఇంగ్లీషు పలుకుబళ్లను చిలుకలవలె వల్లించుటను మేము మెచ్చము. 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' అనగా పిల్లులును కుక్కలును కురియుట కాదు, కుంభవృష్టి. మాటకు మాట మార్చినచో మార్కులు పోవుట యటుండ, రెండు భాషలును చెడును. మొసలి కన్నీరు మాత్రము ఉభయత్ర ఒక్కటే, అది తేలిక. మత్తయి సువార్త 7వ అధ్యాయమునుండి ఇంగ్లీషునకు వచ్చిన పలుకుబడిలో తోడేలు గొర్రెతోలు కప్పుకొనును. నల్లమల చెంతనున్న మనము 'మేకవన్నె పులి' యందుము. మృగములు మారినను కపటమొక్కటియే. ఈ జత దొరకిన విద్యార్థి దానిని మరువడు. 1868లోనే కాప్టెన్ కార్ దొర తెలుగు సామెతలను ఇంగ్లీషు అర్థములతో ప్రకటించెను గదా! తలిదండ్రులారా, బిడ్డ క్రొత్త పలుకుబడి తెచ్చిన దినమున దాని భావమును విని, ఇంట వాడుకలోనున్న మాటను చెప్పి పంపుడు. ఇంగ్లీషు రాని అవ్వయైనను చెప్పగలదు.